శివారు పంచాయతీలు: కార్పొరేషన్‌లో కలపమని అడగాలా, గ్రామ సభకు వెళ్ళాలా?

విభాగం: బెంగళూరు, స్థానిక పాలన

సర్జాపుర నివాసి
2025 డిసెంబరు 4, ఉదయం 8:40

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరు తూర్పు, ఆనేకల్, హోసకోటె తాలూకాల్లో గ్రామ పంచాయతీల పరిధిలో ఫ్లాట్లు కొనుక్కునో, అద్దెకు తీసుకునో ఉంటున్న తెలుగు కుటుంబాల ముందు ఒక విషయం పెట్టాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2020 డిసెంబరు 22, 27 తేదీల్లో ఎన్నికైన కర్ణాటక గ్రామ పంచాయతీల అయిదేళ్ళ గడువు వచ్చే ఏడాది తొలి నెలల్లో తీరిపోతుంది. మా అసోసియేషన్ సమావేశంలో ఈ మాట ఎత్తినప్పుడు, రేపో మాపో మనల్ని కార్పొరేషన్‌లో కలిపేస్తారు కదా, పంచాయతీతో మనకేం పని అని చాలామంది అన్నారు. ఆ ఆలోచన మనకు చాలా నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

నగరంలో పరిస్థితి చూడండి. నగర పాలక సంస్థ అయిన బీబీఎంపీ పాలక మండలి గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది, ఆనాటి నుంచి నగరాన్ని నడుపుతున్నది అధికారులే. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమలులోకి వచ్చి, సెప్టెంబరు 2 నుంచి బీబీఎంపీ స్థానంలో అయిదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి గాని, వాటిలో ఒక్క వార్డుకూ ఇంతవరకు ఎన్నికైన కార్పొరేటరు లేరు. పల్లెల వైపు చూస్తే, జిల్లా, తాలూకా పంచాయతీలకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2016లో. వాటి గడువు 2021లో తీరింది. అంటే పంచాయతీ పరిధిలో ఉండే మనకు, ఎమ్మెల్యే కంటే దగ్గరలో మన ఓటుతో గెలిచిన మనిషి ఎవరైనా ఉన్నారంటే అది గ్రామ పంచాయతీ సభ్యులే. వీధిదీపం, మురుగు కాలువ, చెత్త బండి, ఊరి బోరు, ఇ-ఖాతా (ఆస్తి నమోదు పత్రం) అన్నీ ఆ కార్యాలయంలోనే తేలుతున్నాయి. మా సముదాయంలో ఉన్న పెద్దల సంఖ్య పక్క ఊరి మొత్తం ఓటర్ల కంటే ఎక్కువ ఉంటుంది. కానీ ఆ ఊరి జాబితాలో మా పేర్లు వెతికితే దొరికేవి అతి కొద్ది.

ఉన్న ఒక్క ఎన్నికైన సభను వదిలేసి, ఎన్నికలే లేని కార్పొరేషన్ కోసం ఎదురు చూడడం ఎంతవరకు సబబో అందరూ ఆలోచించి చెప్పాలని కోరుతున్నాను.

శారద, వైట్‌ఫీల్డ్ దగ్గర
2025 డిసెంబరు 4, ఉదయం 11:05

మీ ఆవేదన అర్థమైంది. అయినా నేను విలీనాన్నే కోరుకుంటాను, ఎందుకో వివరంగా చెప్తాను.

పంచాయతీ వ్యవస్థను వ్యవసాయం మీద బతికే ఊళ్ళ కోసం తీర్చిదిద్దారు. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ కింద, కర్ణాటకలో దాన్ని మనె మనెగె గంగె అంటారు, పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు ఇవ్వడం లక్ష్యం. నగరాలకు ప్రణాళికలు వేసేటప్పుడు పెట్టుకునే లెక్క 135 లీటర్లు. పద్నాలుగు అంతస్తుల భవనంలో ఉన్నా, మేమున్న చోటు కాగితం మీద పల్లె కాబట్టి మా వంతు 55 లీటర్లే. భూగర్భ మురుగు పైపుల వ్యవస్థ ఒక పంచాయతీ తలకెత్తుకోగలిగిన పని కాదు. లోయ మొత్తాన్ని కలిపి ఆలోచిస్తే తప్ప మురుగు ఎటు పారాలో నిర్ణయించడం సాధ్యం కాదు. అగ్నిమాపక వాహనం తిరిగేంత వెడల్పు రోడ్డు కావాలంటే భూసేకరణ జరగాలి. పదిహేను ఇరవై మంది సభ్యులు, ఒక పీడీఓ (పంచాయతీ అభివృద్ధి అధికారి), ఒక బిల్ కలెక్టరు ఉన్న కార్యాలయం ఇవన్నీ ఎలా చేయగలదు?

2024 అక్టోబరు 16న కావేరి అయిదో దశ ప్రారంభమైంది. మండ్య జిల్లా మళవళ్ళి తాలూకాలోని టి.కె. హళ్ళి నుంచి రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల నీళ్ళు తెచ్చే పథకం అది. ఆ నీళ్ళు ఎవరికోసం తెచ్చారు? 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం. గీతకు అవతల ఉండిపోయిన మాలాంటి వాళ్ళు ట్యాంకర్ల మీదే బతుకుతున్నాం. సభ్యుడు మంచివాడా, సభ జరిగిందా అన్న ప్రశ్నల కంటే ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయన్నది తేలాలి.

విశ్రాంత పీడీఓ
2025 డిసెంబరు 4, రాత్రి 9:20

నేను ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. పంచాయతీ అభివృద్ధి అధికారిగా పనిచేసి విరమణ పొందాను. శారద గారు చెప్పిన ఇబ్బందులు వాస్తవం. వాటి మూలం ఎక్కడుందో లోపల పనిచేసిన మనిషిగా నాకు తెలిసినంత రాస్తాను. ఇది కొంత పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవమని మనవి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. దేశంలో చివరి జనాభా లెక్కలు 2011లో జరిగాయి. 2021లో జరగవలసినవి వాయిదా పడ్డాయి, రాబోయే లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1. 2001లో సుమారు 65 లక్షలున్న బెంగళూరు నగర జిల్లా జనాభా 2011 నాటికి 96 లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో శివార్ల వాటా పెద్దది, ఆ తరువాత శివార్లు ఎంత పెరిగాయో కళ్ళతో చూస్తున్నాం. కానీ ప్రభుత్వ కాగితాల్లో ఆ ఊళ్ళు ఇంకా 2011 దగ్గరే నిలిచిపోయి ఉన్నాయి.

దీని ఫలితం రెండు చోట్ల కనిపిస్తుంది. కర్ణాటక గ్రామ స్వరాజ్, పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం దాదాపు ప్రతి 400 మంది జనాభాకు ఒక సభ్యుడు ఉండాలి. 2011లో 6,000 మంది ఉన్న పంచాయతీకి పదిహేనుగురు సభ్యులు వస్తారు. అక్కడ తరువాత నాలుగు పెద్ద సముదాయాలు వెలిసి జనం మూడు రెట్లయినా సభ్యులు ఆ పదిహేనుగురే. రెండోది డబ్బు. పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంట్లను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. కింద పంచాయతీ దాకా వచ్చేసరికి కూడా అధికారికంగా చెప్పుకోగల జనాభా సంఖ్య 2011 నాటిదే. ఆ గ్రాంట్లలోనూ 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు ఉంది. షరతు మంచిదే, కానీ ఆ మొత్తం సొమ్మును కొత్తగా వచ్చిన జనాన్ని లెక్కలోకి తీసుకొని ఇవ్వలేదు కదా. ఉన్న ఊరికి ఇచ్చిన డబ్బుతో ఊరినీ, సముదాయాలనూ కలిపి సాకవలసి వస్తోంది.

ఇక సొంత ఆదాయం. ఇంటి కందాయం, అంటే ఇంటి పన్ను, పంచాయతీ ఖాతాలోకే వస్తుంది; దాంతోపాటు వసూలు చేసే గ్రంథాలయ, భిక్షాటన నిర్మూలన వంటి సెస్సులు మాత్రం ఆయా శాఖలకు పోతాయి. పెద్ద సముదాయాలున్న పంచాయతీల్లో ఈ కందాయం మామూలు పల్లె ఊహించలేనంత ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించే జాబితా వార్డు సభలో మొదలై, గ్రామ సభలో ఆమోదం పొందాలి. ఆరు నెలలకు ఒకసారైనా ఈ సభలు జరపాలని చట్టం చెప్తోంది. నేను పనిచేసిన చోట్ల కందాయంలో ఎక్కువ భాగం కట్టినవాళ్ళు ఆ సభల్లో నాకు కనిపించలేదు. వచ్చినవాళ్ళు అడిగిన పనులే జాబితాలోకి ఎక్కాయి. అందులో కుట్ర ఏమీ లేదు.

పాలమూరు రవి
2025 డిసెంబరు 5, ఉదయం 7:15

ఈ చర్చ సమయానికి వచ్చింది. మా తెలంగాణలో ఈ నెల 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరగబోతున్నాయి. నాతో పనిచేసే వాళ్ళలో చాలామంది ఓటు వేయడానికి ఊరికి బయలుదేరుతున్నారు, నేనూ వెళ్తున్నాను.

మా అనుభవం కర్ణాటకలో ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి. 2019లో గెలిచిన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి నాటికి తీరింది. ఆనాటి నుంచి దాదాపు రెండేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన సాగింది. ఎన్నికైన పాలక వర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంట్లు రావన్నది నిబంధన, కాబట్టి ఆ డబ్బు నిలిచిపోయింది. ఒక మండల అధికారికి అనేక ఊళ్ళు అప్పజెప్తే ఆయన ఏ ఊరి మోటారు కాలిపోయిందని చూస్తాడు? ట్రాక్టరుకు డీజిలు పోయించడానికి పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులో చెయ్యి పెట్టిన ఊళ్ళు మా వైపు ఉన్నాయి. గడువు తీరగానే ఎన్నికలు జరిపించమని కర్ణాటకలో ఇప్పటి నుంచే అడగండి.

అయితే సర్జాపుర నివాసి గారితో ఒక చోట విభేదిస్తున్నాను. ఓటు ఇక్కడికి మార్చుకోమంటే నా మనసు ఒప్పదు. మా నాన్నగారు ఊళ్ళో ఉన్నారు, పొలం ఉంది, పట్టాదారు పాసు పుస్తకం ఉంది. సర్పంచును నేరుగా ఎన్నుకునే ఊరు మాది, ఆ ఓటుకు అక్కడ విలువ ఉంది. ఇక్కడ అధ్యక్షుణ్ణి సభ్యులు తమలో తాము ఎన్నుకుంటారని విన్నాను.

సర్జాపుర నివాసి
2025 డిసెంబరు 5, ఉదయం 9:30

రవి గారూ, మీ ఊరితో మీకున్న అనుబంధాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే ఓటరుగా నమోదు కావాలి, రెండు చోట్ల పేరు ఉండకూడదు. పొలం ఉండడం, ఇల్లు ఉండడం మాత్రమే ఓటు హక్కుకు ఆధారం కాదు. మన పిల్లలు ఏ నీళ్ళు తాగుతున్నారు, ఏ రోడ్డు మీద బడికి వెళ్తున్నారు అని చూసుకుంటే మన నివాసం ఎక్కడో మనకే తెలుస్తుంది. ఊళ్ళో మీ నాన్నగారి ఓటు ఆయన అవసరాలు చూసుకుంటుంది, ఇక్కడ మీ ఇంటి అవసరాలకు ఎవరి ఓటు ఉంది?

నిర్వాహకులు
2025 డిసెంబరు 5, ఉదయం 10:00

పార్టీల పేర్లు తెచ్చి రాసిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. కర్ణాటకలో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. చర్చ సేవల మీద, సభల మీద సాగాలని మనవి.

హోసకోటె మాజీ సభ్యురాలు
2025 డిసెంబరు 5, మధ్యాహ్నం 3:45

మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం. నేను మహిళా రిజర్వేషన్‌లో ఒక విడత గ్రామ పంచాయతీ సభ్యురాలిగా ఉన్నాను. కర్ణాటక పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకే కేటాయించారు. అధ్యక్ష పదవి రిజర్వేషన్ ఇప్పుడు ముప్పై నెలలకు ఒకసారి మారుతుంది. కాబట్టి పని నేర్చుకునేసరికి కాలం తీరిపోతుంది, ఇది కొత్తగా వచ్చేవాళ్ళు తెలుసుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు మా దగ్గరికి వచ్చేది ఖాతా కోసం. సక్రమమైన ఆస్తికి ఇచ్చే ఫారం 9, 11ఏ చేతికి అందిన తరువాత మళ్ళీ కనిపించరు. సక్రమం కాని ఆస్తికి ఇచ్చే 11బీ ఇచ్చారని కోపంతో వచ్చేవాళ్ళున్నారు, వ్యవసాయ భూమిని నివాసానికి మార్పించకుండా అమ్మిన బిల్డరును అడగవలసిన మాట మమ్మల్ని అడుగుతారు. వార్డు సభ పెడితే ఆటోలో మైకు కట్టి ఊరంతా చెప్పిస్తాం, కానీ ఆ ఆటోను మీ గేటు లోపలికి రానివ్వరు. నోటీసు ఇస్తే సెక్యూరిటీ దగ్గరే ఉండిపోతుంది. ఇది మీ తప్పని అనడం లేదు. మీకూ మాకూ మధ్య మాట నడిచే దారి లేదని చెప్తున్నాను.

నీళ్ళ సంగతి. 2024 వేసవిలో నగరంలో ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడు ట్యాంకర్లన్నీ మా ఊళ్ళ వైపు తిరిగాయి. మార్చిలో జిల్లా యంత్రాంగం అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలు, పది కిలోమీటర్ల లోపు అయితే 1,200 రూపాయలు అని ధర కట్టింది. అది కొనేవాళ్ళకు మేలు చేసే మాటే. కానీ ఆ నీళ్ళు తోడుతున్నది ఎవరి భూమి నుంచో ఎవరూ అడగలేదు. పొలం ఎండగట్టుకొని బోరు నీళ్ళు అమ్ముకున్నవాడికి నాలుగు డబ్బులు వచ్చాయి, పక్క పొలంలో చిక్కుడు వేసుకున్న ముసలమ్మ బోరు మాత్రం ఎండిపోయింది. మా వార్డులో తాగే నీళ్ళ బోరు కూడా అప్పుడే అడుగంటింది. పొద్దున నాలుగింటికి వాల్వు తిప్పే వాటర్‌మ్యాన్ మీద ఊరంతా విరుచుకుపడింది. అతడి జీతం ఎంతో, అది నెలనెలా వస్తుందో లేదో ఆ విరుచుకుపడ్డవాళ్ళు అడిగి ఉంటే బాగుండేది.

మా చెరువులోకి మురుగు వదులుతున్న సముదాయాలు ఉన్నాయి. ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) ఉంటుంది, కరెంటు ఖర్చు అవుతుందని రాత్రిపూట ఆపేస్తారు. పంచాయతీ నోటీసు ఇస్తే వకీలు జవాబు వస్తుంది. మీరు ఓటర్లయి, మా సభలో మా పక్కన కూర్చుంటే, ఆ మురుగు గురించి మిమ్మల్నీ అడుగుతాం. అందుకు సిద్ధపడి రండి.

అద్దె ఇంటి అమ్మాయి
2025 డిసెంబరు 5, సాయంత్రం 6:10

నేను అనంతపురం నుంచి వచ్చి, ఒక పంచాయతీ పరిధిలోని అపార్ట్‌మెంటులో మరో ఇద్దరితో కలిసి అద్దెకుంటున్నాను. అసోసియేషన్‌లో అద్దెవాళ్ళకు ఓటు లేదు, యజమాని ఎక్కడో హైదరాబాదులో ఉంటారు. నీళ్ళ కోత పెట్టినా, మెయింటెనెన్స్ పెంచినా మాకు చెప్పేది నోటీసు బోర్డు మీద కాగితమే. పంచాయతీ సభలో మాట్లాడడానికి సొంత ఫ్లాటు ఉండాలా?

విశ్రాంత పీడీఓ
2025 డిసెంబరు 5, సాయంత్రం 6:50

అవసరం లేదమ్మా. గ్రామ సభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్ళందరూ. ఇల్లు సొంతమా, అద్దెదా అన్న ప్రశ్న అక్కడ రాదు. మీ అసోసియేషన్ మీకు ఇవ్వని ఓటు రాజ్యాంగం మీకు ఇచ్చింది.

కోలారు మాస్టారు
2025 డిసెంబరు 6, ఉదయం 6:30

మాజీ సభ్యురాలు గారి మాటలు చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. నేను శ్రీనివాసపుర తాలూకాలో బడిపంతులుగా పనిచేశాను, ఇప్పుడు పిల్లల దగ్గర బెంగళూరులో ఉంటున్నాను. మా కోలారు, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాకు అలవాటు, అందుకని రెండు వైపుల మాటా వింటూ పెరిగాం.

బెంగళూరుకు కావలసినవి చుట్టుపక్కల పల్లెలు ఇస్తూ వచ్చాయి, బెంగళూరుకు అక్కరలేనివీ ఆ పల్లెలకే చేరాయి. మావళ్ళిపురలో చెత్త గుట్ట 2012లో మూతపడితే ఆ లారీలు మండూరు వైపు మళ్ళాయి. మండూరు జనం రోడ్డుమీద కూర్చొని పోరాడితే 2014 డిసెంబరు 1 నుంచి అక్కడ ఆగింది. తరువాత మరో ఊరు, ఆ తరువాత పాత రాతి క్వారీలు. ఈ పోరాటాలన్నింటిలో ముందు నిలబడింది గ్రామ పంచాయతీ సభ్యులే, ఎందుకంటే ఆ కంపు వాళ్ళ ఇంటికీ వచ్చేది.

2018 జూన్‌లో కె.సి. వ్యాలీ పథకం కింద, బెంగళూరు మురుగును శుద్ధి చేసిన నీళ్ళు మా లక్ష్మీసాగర చెరువుకు తొలిసారి చేరాయి. రోజుకు 44 కోట్ల లీటర్లు పంపడం ఆ పథకం లక్ష్యం. చెరువులు నిండాయి, ఎండిన బోర్లలో నీళ్ళు ఊరాయి, దాన్ని కాదనను. కానీ మొదటి నెలల్లోనే నురుగు వస్తే కోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది, మూడో దశ శుద్ధి చేసి పంపండి అని మా వాళ్ళు ఈ రోజుకీ అడుగుతూనే ఉన్నారు. ఆ నీళ్ళు భూగర్భ జలం పెంచడానికే గాని నేరుగా తాగడానికి కాదు. మీ ఎస్టీపీ రాత్రిపూట ఆగితే ఆ చెడు మీ గోడ దగ్గర ఆగదు, కిందికి పారుతుంది. శారద గారు లోయ మొత్తాన్ని కలిపి ఆలోచించాలన్నారు, అది సరైన మాట. ఆ లోయలో మేమూ ఉన్నాం.

పల్లె పాలన చేతకాని పాలన అన్న అభిప్రాయం ఈ రాష్ట్రంలో పెరిగినవాళ్ళకు కలగదు. రామకృష్ణ హెగ్డే ప్రభుత్వంలో అబ్దుల్ నజీర్ సాబ్ పంచాయతీ రాజ్ మంత్రిగా ఉండి, ఊరూరా బోర్లు వేయించి నీర్ సాబ్ అని పేరు తెచ్చుకున్నారు. 1983లో చట్టం చేయించి, 1987లో ఎన్నికలు జరిపించి, జిల్లా పరిషత్తులకు నిజమైన అధికారం ఇచ్చారు. అందులోనే మహిళలకు పాతిక శాతం స్థానాలు కేటాయించారు. మన తెలుగునాట రామారావు గారు మండలాలు తెచ్చిన రోజులూ అవే. దేశానికంతటికీ 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న మాత్రమే. అంత ముందు నడిచిన రాష్ట్రంలో ఇవాళ జిల్లా పంచాయతీలు ఎన్నికలు లేక పడి ఉండడం చూస్తే నాకు దుఃఖంగా ఉంటుంది.

శారద, వైట్‌ఫీల్డ్ దగ్గర
2025 డిసెంబరు 6, ఉదయం 11:40

మాస్టారు గారికి నమస్కారం. లోయలో కింద ఉన్నవాళ్ళ మాట మా సమావేశాల్లో ఎన్నడూ వినపడలేదు, దాన్ని నేను తీసుకువెళ్తాను.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పంచాయతీ ఎంత బాగా పనిచేసినా కావేరి పైపు వేయించలేదు. 110 గ్రామాలకు నీళ్ళు వచ్చాయి కదా?

సర్జాపుర నివాసి
2025 డిసెంబరు 6, మధ్యాహ్నం 12:30

వచ్చాయి, 2007లో కలిపితే 2024 అక్టోబరులో వచ్చాయి. మధ్యలో పదిహేడేళ్ళు ఆ గ్రామాలు పంచాయతీని పోగొట్టుకొని, నగర సేవలు అందక, ట్యాంకర్ల మీదే బతికాయి. అప్పట్లో వర్తూరు వైపు ఉన్నవాళ్ళను అడిగితే చెప్తారు. కలిపిన మరునాటి నుంచి పన్ను నగరం లెక్కన పెరుగుతుంది, పైపు మాత్రం దాని కాలంలో అది వస్తుంది. విలీనం ఎన్నటికీ వద్దని నేను అనను. నీళ్ళ పథకం, మురుగు పథకం, వాటికి డబ్బు, వాటికి తేదీ చూపించిన తరువాత కలపమని అడగాలి. ఆ షరతు ఎవరు పెడతారు? పంచాయతీ తీర్మానం చేసి పెట్టాలి. ఆ తీర్మానం చేయించే బలం మన ఓట్లకు ఉంది.

శారద, వైట్‌ఫీల్డ్ దగ్గర
2025 డిసెంబరు 6, మధ్యాహ్నం 1:10

తేదీ, డబ్బు చూపించిన తరువాతే విలీనం అన్న మాటతో నాకు పేచీ లేదు. నేను అడిగే రెండో షరతు కూడా చేర్చండి: కలిపిన ఏడాదిలోగా వార్డు ఎన్నికలు జరగాలి. పంచాయతీ సభ్యుడూ పోయి, కార్పొరేటరూ రాని స్థితి ఒక్క రోజు కూడా ఎవరికీ మంచిది కాదు.

హోసకోటె మాజీ సభ్యురాలు
2025 డిసెంబరు 6, సాయంత్రం 4:20

మీరు షరతులు రాసేటప్పుడు ఊరివాళ్ళవి కూడా రాయండి. నగరంలో కలిస్తే మా గోమాళం (పశువులు మేసే ఊరుమ్మడి భూమి), చెరువు గట్టు, స్మశానం ఏమవుతాయన్నది మాకు మొదటి భయం. ఉపాధి హామీ పని పోతుంది. పశువులు పెంచుకునేవాళ్ళు, వాకిట్లో గడ్డివాము వేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంకొక మాట. మా పంచాయతీలో చెత్త బండి నడిపేది స్వసహాయ సంఘం ఆడపిల్ల. డ్రైవింగు నేర్చుకొని, లైసెన్సు తీసుకొని, తెల్లవారకముందే స్వచ్ఛ వాహిని బండి ఎక్కుతుంది. నగరంలో కలిస్తే ఆ పని కాంట్రాక్టరు లారీలకు పోతుంది. మీ సముదాయాల్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే ఆమె పని సగం తేలికవుతుంది, దానికి ఏ విలీనమూ అక్కరలేదు.

పాలమూరు రవి
2025 డిసెంబరు 6, రాత్రి 8:45

నేను ఈ విడత ఊళ్ళోనే ఓటు వేస్తాను, అది మా నాన్నగారికి ఇచ్చిన మాట. నా భార్య పేరు మాత్రం ఇంకా ఎక్కడా నమోదు కాలేదు. ఆమె ఇక్కడే ఉద్యోగం చేస్తోంది, పిల్లవాడిని ఊరి అంగన్వాడీ పక్కనే ఉన్న బడిలో వేశాం. ఆమె పేరు ఇక్కడ నమోదు చేయించాలని ఇద్దరం అనుకున్నాం. పద్ధతి ఏమిటో ఎవరైనా చెప్తే మేలు.

విశ్రాంత పీడీఓ
2025 డిసెంబరు 7, ఉదయం 7:30

రవి గారికీ, అద్దె ఇంటి అమ్మాయికీ కలిపి చెప్తున్నాను. గ్రామ పంచాయతీకి వేరే ఓటరు నమోదు ఉండదు. శాసనసభ ఓటర్ల జాబితాలోని పేర్లనే వార్డులవారీగా విడదీసి పంచాయతీ జాబితా తయారు చేస్తారు. కాబట్టి శాసనసభ జాబితాలో ఈ చిరునామాతో పేరు ఉండాలి. మొదటిసారి నమోదయ్యేవాళ్ళు ఫారం 6, వేరే చోట ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకునేవాళ్ళు ఫారం 8 ఇవ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనూ ఇవ్వవచ్చు, బూత్ స్థాయి అధికారికీ ఇవ్వవచ్చు. అద్దెవాళ్ళు రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం చూపించవచ్చు, లేదా ఈ చిరునామాతో ఉన్న ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం సరిపోతాయి. పాత ఊరి జాబితాలో పేరు ఉంచుకొని ఇక్కడ ఫారం 6 ఇవ్వకండి, అది నేరం.

పేరు ఎక్కిన తరువాత మీ భవనం ఏ వార్డులో పడిందో చూసుకోండి. ఒకే సముదాయంలో ఉన్నవాళ్ళు రెండు మూడు వార్డుల్లోకి చెదిరిపోవడం నేను చూశాను. ముసాయిదా జాబితా పంచాయతీ కార్యాలయంలో అంటించినప్పుడే అభ్యంతరం రాసి ఇవ్వాలి, తరువాత ఇస్తే చెల్లదు.

సభకు వెళ్ళేటప్పుడు పెద్ద మాటలు వద్దు. నిరుడు కందాయం ఎంత వసూలైంది, ఏ వార్డులో ఎంత ఖర్చయింది, ఆర్థిక సంఘం డబ్బులో తాగునీటి వాటా దేనికి పోయింది, ఊరి పరిధిలో అనుమతి తీసుకున్న బోర్లు ఎన్ని అని అడగండి. జవాబు రాతలో ఇవ్వమనండి. కన్నడంలో అడిగితే అందరికీ అర్థమవుతుంది. రాకపోతే తెలుగులో అడిగినా మా వైపు సభల్లో చాలామందికి తెలుస్తుంది, కొట్టిపారేయరు.

అద్దె ఇంటి అమ్మాయి
2025 డిసెంబరు 7, ఉదయం 9:05

ధన్యవాదాలు. మా అద్దె ఒప్పందం పదకొండు నెలలది, రిజిస్టరు చేయలేదు. ఆధార్‌లో అనంతపురం చిరునామానే ఉంది. ముందు ఆధార్ మార్చుకొని ఆ తరువాత ఫారం ఇస్తాను. మాతో ఉండే ఇద్దరికీ ఇదే చెప్పాను, వాళ్ళూ మార్చుకుంటామన్నారు.

సర్జాపుర నివాసి
2025 డిసెంబరు 7, ఉదయం 10:15

ఇప్పటివరకు వచ్చిన షరతులను, శారద గారివీ మాజీ సభ్యురాలు గారివీ కలిపి, ఒక కాగితంగా రాసి రేపు ఇక్కడే పెడతాను. వచ్చే ఆదివారం మా సముదాయంలో బూత్ స్థాయి అధికారిని పిలిచి నమోదు శిబిరం పెట్టడానికి కమిటీ ఒప్పుకుంది. మైకు ఆటోను లోపలికి పంపమని సెక్యూరిటీకి రాతపూర్వకంగా చెప్పించాను. మా ఎస్టీపీ రాత్రిపూట నడుస్తోందా అన్న ప్రశ్నకు కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు, వచ్చిన వెంటనే రాస్తాను.